బుగ్గ స్నానానికి ఒక్కరే బయల్దేరితే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చలి మొదలయ్యేసరికి వేడినీటి బుగ్గల మీద ఉత్తరాలు ఎక్కువయ్యాయి. చాలామంది బండిలో ఒంటరిగా పోయే ఆలోచనలో ఉన్నారు. ఒకే మాదిరి ప్రశ్నల్ని కలిపేసి, తేడా ఉన్నవాటికి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: జనవరిలో తెల్లవారుజామున మహానంది కోనేట్లో దిగితే నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. పైన పొగ కూడా లేస్తుంది. అంటే అది వేడినీటి బుగ్గేనా? మన కర్నూలు, అనంతపురం, కడపల్లో బుగ్గ పక్కనే రిసార్టు ఎక్కడైనా ఉందా? కారేసుకుని ఒక్కణ్నే పోయి ఒక రాత్రి ఉండి వద్దామని.
– ఒక పాఠకుడు, బి.క్యాంపు, కర్నూలు

జవాబు: మహానందిది బుగ్గే, వేడినీటి బుగ్గ మాత్రం కాదు. ఆ నీళ్ల వేడి ఏడాది పొడవునా ఇంచుమించు ఒకటే. మారేది బయటి గాలి. సంక్రాంతి చలిలో గాలి 16, 17 డిగ్రీలకు దిగినప్పుడు 28 డిగ్రీల చుట్టూ ఉన్న నీళ్లు వెచ్చగా తగులుతాయి. మే నెలలో గాలి 42 దాటినప్పుడు అవే నీళ్లు ‘అబ్బ, ఎంత చల్లగున్నాయో’ అనిపిస్తాయి. పొగ సంగతీ అంతే. వెచ్చటి నీళ్ల మీది తేమ చల్లగాలి తగిలి మంచులా కనిపిస్తుంది. పొలం ఉన్నవాళ్లకు ఇది తెలిసిందే. పుష్యమాసంలో తెల్లారి ఐదింటికి బోరు మోటారు వేస్తే పైపు నోటి దగ్గర ఆవిరి లేస్తుంది, చేతులు కాచుకోవచ్చు. దాన్ని ఎవరూ వేడినీటి బోరు అనరు కదా.

నేలలో పది, పదిహేను మీటర్లు దిగితే ఎండా చలీ సోకవు. అక్కడి వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా నిలిచిపోతుంది. నల్లమల మీద కురిసిన వాన రాళ్ల పగుళ్లలో ఇంకి, కొండ అడుగున బయటపడితే అది మహానంది. వేడి బుగ్గ దారి వేరు. అక్కడ నీళ్లు రాతి బీట వెంట కిలోమీటరు, రెండు కిలోమీటర్లు, ఒక్కోచోట ఇంకా లోతుకు దిగుతాయి. కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడెక్కి, ఇంకో బీట దొరికితే చల్లారే లోపే పైకి తన్నుకొస్తాయి. దక్షిణాదిలో రగిలే అగ్నిపర్వతాలు లేవు కాబట్టి మనవైపు బుగ్గల్లో వేడి అంతా ఈ లోతుదే.

సీమలో పేరును చూసి మోసపోవద్దు. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడు, ఓర్వకల్లు దగ్గరి కాల్వబుగ్గ, కడప మధ్యలో పారే బుగ్గవంక, ఎక్కడైనా బుగ్గంటే ఊట అనే అర్థం. వేడి అనే అర్థం అందులో లేదు. ఈ మూడు పాత జిల్లాల్లో స్నానానికి పోదగ్గ వేడినీటి బుగ్గ లేదు. ఇటువైపు ఏ రిసార్టు బోర్డు మీదైనా ‘హాట్ స్ప్రింగ్’ అని ఉంటే అది బాయిలరో సోలారో కాచిన కొలను అనుకోండి. అదేం తప్పు కాదు, ఊట ధర మాత్రం ఇవ్వకండి.

మనకు అందుబాటులో ఉన్న అసలైనవి కొన్నే. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డు ఇసుకను తవ్వితే వేడినీళ్లు ఊరుతాయి. నది నిండుగా ఉంటే ఆ చోటు మునిగిపోతుంది. దక్షిణ కన్నడలో పుత్తూరు దగ్గరి బెంద్రు తీర్థ గోరువెచ్చటి చిన్న గుండం. ఆదిలాబాద్ దాటి మహారాష్ట్రలో అడుగుపెడితే కిన్వట్ తాలూకా ఉంకేశ్వర్ ఉంది, అది గుడి గుండం. గదిలోనే బుగ్గ నీళ్లతో స్నానం చేసి, అక్కడే పడుకోవాలన్న మీ కోరికకు సరిపోయేది ఒడిశాలో బరంపురం నుంచి 50 కి.మీ. దూరంలో ఉన్న తప్తపాణి. అక్కడి పర్యాటక సంస్థ పంథనివాస్‌లో కొన్ని గదుల తొట్టెలకు ఊట నీళ్లు పైపుల్లో వస్తాయి. అన్ని గదులకూ రావు, బుక్ చేసేటప్పుడే అడగాలి.

ప్రశ్న: అనంతపురం నుంచి తప్తపాణికి ఒక్కణ్నే కారులో పోదామనుకుంటున్నాను. దారిలో గంటసేపు స్నానం చేసి, ఒళ్లు తేలికపడ్డాక అదే సాయంత్రం మళ్లీ బండెక్కి పూరీ వైపు సాగితే ఎలా ఉంటుంది?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీ ప్లానులో మార్చాల్సింది ఆ ఒక్క సాయంత్రమే. వేడినీటి స్నానాన్ని టీ విరామంలా చూడకండి. ఆ రోజుకు డ్రైవింగు అక్కడితో ముగియాలి.

కారణం ఒంట్లోనే ఉంది. 40 డిగ్రీల నీళ్లలో పదిహేను నిమిషాలుంటే చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుంటాయి, బీపీ దిగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. చెమట పడుతున్నా నీళ్లలో ఉన్నందున తెలియదు, దాహమూ అనిపించదు. బయటికొచ్చాక ఒంటి లోపలి వేడి మెల్లగా దిగడం మొదలుపెడుతుంది. నిద్రకు ముందు శరీరం తనంతట తాను చేసే పని కూడా ఇదే. అందుకే రాత్రి పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు వేడినీళ్లు పోసుకుంటే తొందరగా నిద్ర పడుతుంది. అదే సమయంలో స్టీరింగు వెనక కూర్చుంటే పక్కన లేపడానికి మనిషి ఉండడు. ఒళ్లు తేలికపడిందని మీరనుకునేది సగం బీపీ దిగడం, సగం నిద్రమత్తు.

కాబట్టి దూరాల్ని ఇలా కోసుకోండి. అనంతపురం నుంచి తాడిపత్రి, బనగానపల్లె, గిద్దలూరు, వినుకొండ మీదుగా గుంటూరు చేరే 544డి జాతీయ రహదారి ఉంది. సుమారు 420 కి.మీ. ఇందులో గిద్దలూరుకు ముందు నల్లమల అడవి తగులుతుంది. ఆ ముక్కను పగలే దాటండి, కోతులకు ఏమీ విసరకండి. మొదటి రాత్రి గుంటూరు లేదా విజయవాడ. రెండో రోజు 16వ నంబరు రహదారి మీద విశాఖ దాటి శ్రీకాకుళం దాకా, సుమారు 450 కి.మీ. మూడో రోజు ఇచ్ఛాపురం, బరంపురం, దిగపహండి మీదుగా మధ్యాహ్నానికే తప్తపాణి. ఆ రోజుకు 200 కి.మీ. కొంచెం పైన ఉంటుంది, అంతే. బుగ్గ చేరే రోజు దూరం చిన్నదిగా పెట్టుకోవడం ముఖ్యం. ఎనిమిది గంటలు నడిపి, మధ్యాహ్నం సరిగ్గా తినక, నీళ్లు తాగక వచ్చి నేరుగా తొట్టెలో దిగేవాళ్లే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడతారు. తడి గచ్చు మీద పడితే తలకే దెబ్బ.

చేరాక చేయాల్సిన వరస చెబుతాం. అర లీటరు నీళ్లో మజ్జిగో తాగండి. అరటిపండో, రెండు ఇడ్లీలో తినండి, కడుపు నిండా వద్దు. ముప్పావుగంట కాళ్లు చాపుకుని కూర్చోండి. తర్వాత మామూలు నీళ్లతో సబ్బు స్నానం. తొట్టెలో మొదట పాదాలు, రెండు నిమిషాలాగి మోకాళ్ల దాకా, ఆ పైన నడుము. ఛాతీ దాకా మునిగాక పది నిమిషాలు చాలు, మొదటిసారికి పదిహేను దాటొద్దు. గుండె దడదడలాడినా, చెవుల్లో హోరుమన్నా, వికారం వచ్చినా టైము చూసుకోకుండా బయటికి రండి. వచ్చేటప్పుడు గభాలున లేవకండి. గట్టు మీద కూర్చుని కాళ్లు మాత్రం నీళ్లలో ఉంచి ఒక నిమిషం, ఆ తర్వాతే నిలబడటం. మళ్లీ అర లీటరు నీళ్లు. బీరు అయితే ముందూ వద్దు, మధ్యలోనూ వద్దు. అది కూడా రక్తనాళాలను విప్పుతుంది, నీళ్లను బయటికి తోస్తుంది. రెండూ కలిస్తే పడటం ఖాయమనుకోండి.

మరునాడు పొద్దున ఇంకోసారి దిగాలనిపిస్తే ఐదు నిమిషాలు, ఆపైన చన్నీళ్లు, టిఫిను, కనీసం గంట విరామం. అప్పుడు పూరీకి బయల్దేరండి.

బండి విషయంలో మూడే మాటలు. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోవాలి. వంద కిలోమీటర్లు నడిచాక ప్రెషరు పెరిగి కనిపిస్తుంది, దాన్ని చూసి గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. స్టెప్నీలో కూడా చూడండి, చాలా కార్లలో దానికి గాలి పట్టి ఏళ్లవుతుంది. రెండోది, టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ఐదారేళ్లు దాటినదాన్ని ఇంత దూరానికి నమ్మొద్దు. మూడోది, 2025 ఆగస్టు 15 నుంచి అమలులో ఉన్న వార్షిక ఫాస్టాగ్ పాసు జాతీయ రహదారుల టోళ్లకే పనిచేస్తుంది. రాష్ట్ర రహదారుల టోళ్లకు మామూలు బ్యాలెన్సు ఉంచుకోవాలి. జాతీయ రహదారి మీద ఇబ్బంది వస్తే 1033కు, ఏ అత్యవసరానికైనా 112కు ఫోను చేయండి.

ప్రశ్న: నేను టీచర్ని. సంక్రాంతి సెలవుల్లో ఒక్కదాన్నే కారులో వెళ్లాలని ఉంది. ఇంట్లోవాళ్లు భయపెడుతున్నారు. బుగ్గ దగ్గర గది తీసుకునేముందు ఫోనులో ఏమేం అడగాలి? నీళ్లలో ఉన్నంతసేపూ తాళం, ఫోను, డబ్బు ఎవరికివ్వాలి?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ‘సౌకర్యాలున్నాయా?’ అని అడిగితే ‘అన్నీ ఉన్నాయమ్మా’ అనే వస్తుంది. ‘అన్నీ ఉన్నాయి’ అని తప్పించుకోలేని ప్రశ్నలు వేయాలి. నా గది తొట్టెలోకి వచ్చేది ఊట నీళ్లా, గీజరు నీళ్లా? తొట్టెను ఒక్కో అతిథికీ ఖాళీ చేసి కడుగుతారా, లేక నీళ్లు అలాగే ఉంచుతారా? చన్నీళ్ల కొళాయి విడిగా ఉందా? బాత్రూముకు లోపలి గడియ ఉందా, బయటి గాలికి తెరిచే కిటికీ ఉందా? కొలను అందరిదీ అయితే ఆడవాళ్లకు వేరే సమయం ఏది? రాత్రి కౌంటరులో మనిషి ఉంటాడా, అతని నంబరేమిటి? బండి ఆవరణ లోపల పెట్టనిస్తారా? ఈ ఏడింటిలో తొట్టె కడగడం, కిటికీ, రాత్రి మనిషి, ఈ మూడింటికి సూటిగా జవాబు రాకపోతే వేరే చోటు చూసుకోండి. ఆధార్ కాపీ అడిగితే చివరి నాలుగంకెలే కనిపించే మాస్కు చేసిన ఆధార్ ఇవ్వండి, ఆధార్ సైటులోనే దిగుతుంది.

కిటికీ ఎందుకంటే, కుళ్లిన కోడిగుడ్డు వాసనొచ్చే ఊటల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఉంటుంది. ఆరుబయట గుండంలో అది గాలికి పోతుంది. మూసిన బాత్రూములో తొట్టె నింపుతూ కూర్చుంటే పోగవుతుంది. దీనితో చిక్కేమంటే, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కాబట్టి ‘వాసన పోయింది’ అనేది మంచి కబురు కాకపోవచ్చు. తొట్టె నిండుతున్నంతసేపు కిటికీ తెరిచి, మీరు గదిలో ఉండండి. తలనొప్పి, కళ్ల మంట మొదలైతే బయటికి వచ్చేయాలి.

నీళ్ల వేడిని చేత్తో అంచనా వేయకండి. వంట చేసే చేతులు వేడికి అలవాటుపడి ఉంటాయి, మోచేయి నయం. అంతకంటే పసిపిల్లల స్నానానికి అమ్మే థర్మామీటరు మేలు. జ్వరం చూసే గాజు థర్మామీటరును మాత్రం ముంచొద్దు, అది 42 డిగ్రీల దాకానే, వేడి నీళ్లలో పగిలి పాదరసం తొట్టెలో పడుతుంది. 38, 39 హాయిగా ఉంటుంది, 40 గరిష్ఠం. ఊట కొళాయిలో అంతకంటే చాలా వేడిగా రావచ్చు. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లలో చర్మాన్ని కాలుస్తాయి, 55 అరనిమిషంలో, 50 కొద్ది నిమిషాల్లో. అందుకే ముందు చన్నీళ్లు మూడోవంతు పట్టి, దాని మీద ఊట నీళ్లు వదలండి. బాగా కలిపి, అడుగునా పైనా రెండుచోట్లా కొలవండి. కలపకపోతే వేడి పైన తేలుతుంది.

తాళం సంగతి. రిమోట్ తాళాన్ని నీళ్ల దగ్గరికే తీసుకుపోవద్దు. గది లోపలి తొట్టె అయితే గదిలోనే ఉంటుంది. ఉమ్మడి కొలను అయితే గది తాళం ఒక్కటి మణికట్టుకు కట్టుకుని, మిగతావి గదిలో సూట్‌కేసులో పెట్టి తాళం వేయండి. కారు రెండో తాళాన్ని కారులోనే పెట్టి వచ్చేవాళ్లున్నారు, దానికంటే ఇంట్లో వదిలేయడం మేలు. వెంట తెచ్చుకుంటే మాత్రం అది బ్యాగులో, మొదటిది పర్సులో, వేరువేరుగా ఉండాలి. రిమోట్ తడిస్తే వెంటనే విప్పి బిళ్ల బ్యాటరీ తీసేసి, ఒక రోజు ఆరనివ్వండి. ఈలోపు చాలా రిమోట్ల లోపల ఇనుప తాళంచెవి దాగి ఉంటుంది, తలుపు దానితో తీయొచ్చు. బటన్ స్టార్టు కార్లలో బ్యాటరీ పనిచేయని రిమోట్‌ను స్టార్టు బటనుకు ఆనించి నొక్కితే చాలావాటిలో ఇంజను అందుకుంటుంది. మీ కారు మాన్యువల్‌లో ఆ పేజీని బయల్దేరకముందే ఒకసారి చూసుకోండి, చీకట్లో వెతుక్కునే పని కాదది.

నీళ్లలో దిగేముందు ఇంట్లో ఒకరికి ‘దిగుతున్నా, అరగంటలో ఫోను చేస్తా’ అని మెసేజీ పెట్టండి. అరగంటకు ఫోను రాకపోతే కౌంటరు నంబరుకు చేయమని ఆ నంబరూ ఇవ్వండి. ఒక్కరే పోయేటప్పుడు ఇంతకంటే పనికొచ్చే జాగ్రత్త లేదు. ఇంట్లోవాళ్ల భయమూ సగం తగ్గుతుంది.

ప్రశ్న: వేడి గుండంలో స్నానం చేసి వచ్చేసరికి వెండి మొలతాడు, మా ఆవిడ మెట్టెలు నల్లగా మాడినట్టయ్యాయి. నకిలీ వెండి అమ్మారా? పట్టుచీర కట్టుకుని గుండంలో మునగొచ్చా?
– ఒక పాఠకుడు, ధర్మవరం

జవాబు: అంగడివాణ్ని తిట్టకండి, వెండి కాబట్టే నల్లబడింది. నీళ్లలోని గంధకం వాయువు వెండితో కలిసి పైన సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది.

పోగొట్టడం సులువు. ఒక గాజు గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిలు పరవండి. లీటరు మరిగిన నీళ్లు పోసి, రెండు పెద్ద చెంచాల వంటసోడా, ఒక చెంచా ఉప్పు కలపండి. వెండి వస్తువు ఫాయిలును తాకుతూ ఉండాలి, తాకకపోతే పని జరగదు. ఐదు నుంచి పది నిమిషాల్లో నలుపు వదులుతుంది. అప్పుడు అదే కోడిగుడ్డు వాసన కొంచెం వస్తుంది. గంధకం వెండిని వదిలి అల్యూమినియం వైపు పోయిందని దాని అర్థం. తీసి మంచినీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడవండి. రాళ్లు పొదిగినవి, ముత్యాలున్నవి, కావాలని నల్లగా చేయించిన ‘ఆక్సిడైజ్డ్’ నగలు ఇందులో వేయకండి. మొదటివాటి జిగురు వదులుతుంది, చివరివాటి అందం పోతుంది.

పట్టుచీర మాత్రం వద్దే వద్దు. అసలు జరీలో ఉండేది పట్టు పోగు మీద చుట్టిన వెండి తీగ, పైన బంగారు పూత. పూత అరిగినచోట నీళ్లు తగిలితే అంచు మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది, సోడా వైద్యం జరీకి పనికిరాదు. ధర్మవరంలో మగ్గాల మధ్య ఉన్నవారికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. నూలు చీరో, పాత చుడీదారో చాలు.

ప్రశ్న: వయసు 58. బీపీకి, షుగరుకు మాత్రలు వాడుతున్నాను. మోకాళ్ల నొప్పులకు బుగ్గ నీళ్లు మంచివని, రోజూ ఒక గ్లాసు తాగితే ఇంకా మంచిదని అంటున్నారు. కడప నుంచి నేనే బండి నడుపుకుంటూ పోగలను.
– ఒక పాఠకుడు, కడప

జవాబు: బండి నడపగలరేమో, తొట్టెలో మాత్రం ఒక్కరే దిగొద్దు. మీ బీపీ మాత్ర పేరు డాక్టరుకు చూపించి ‘40 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు కూర్చోవచ్చా’ అని అడిగి బయల్దేరండి. ఆ మాత్రలు బీపీని దించుతాయి, వేడినీళ్లూ దించుతాయి. ప్రోస్టేటుకు వాడే కొన్ని మాత్రలకూ ఇదే గుణం. సరేనంటే 38 డిగ్రీలు, నడుము దాకా, ఏడెనిమిది నిమిషాలు, గదిలో ఇంకొకరు ఉండగా.

షుగరుతో ఇంకో ప్రమాదం పాదాల్లో ఉంది. కొందరికి ఏళ్ల తరబడి షుగరు ఉన్నాక అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది. వేడి తెలియదు, బొబ్బ లేచాకే తెలుస్తుంది, అది పుండై మానదు. అందరికీ ‘పాదాలు ముందు’ అని చెప్పాం కదా, మీరు తిప్పి చేయండి. థర్మామీటరుతో కొలిచి, మోచేత్తో సరిచూసి, ఆ తర్వాతే పాదం. గుండం చుట్టూ బండలు ఎండకు కాలుతుంటాయి, చెప్పులు విప్పకండి. బయటికొచ్చాక వేళ్ల సందులు తుడుచుకుని అరికాళ్లు అద్దంలో చూసుకోండి. ఇన్సులిన్ తీసుకునేవారైతే, వేడికి మందు తొందరగా రక్తంలోకి ఎక్కుతుంది. సూది వేసుకున్న వెంటనే దిగితే షుగరు పడిపోవచ్చు.

మోకాళ్లకు కొన్ని గంటలు, ఒకటి రెండు రోజులు హాయి దొరుకుతుంది. కండరాలు వదులవుతాయి, నీళ్లలో బరువు తగ్గుతుంది. అరిగిన కీలు మళ్లీ పెరగదు. మాత్రలు మానేయకండి.

తాగడం ఎంతమాత్రం వద్దు. లోతు రాళ్లలో ఎక్కువకాలం నానిన వేడినీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడు హెచ్చుగా ఉంటుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. అది మించితే పళ్లకు, ఎముకలకు ఏమవుతుందో మన మెట్ట ఊళ్లలో కళ్లారా చూస్తున్నాం. మోకాళ్ల నొప్పికని మొదలుపెట్టి ఎముకల జబ్బు తెచ్చుకున్నట్టవుతుంది.

ప్రశ్న: వేడినీళ్లలో మెదడు తినే అమీబా ఉంటుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమా, పుకారా?
– ఒక పాఠకురాలు, తాడిపత్రి

జవాబు: అమీబా నిజం, భయం కొంత ఎక్కువ. దాని పేరు నెగ్లేరియా ఫౌలరీ. గోరువెచ్చటి, కదలని మంచినీళ్లలో పెరుగుతుంది, 46 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. తాగితే ఏమీ చేయదు. ముక్కులోకి బలంగా నీళ్లు పోతే అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. చాలా అరుదు, కానీ సోకితే బతికేవాళ్లు తక్కువ. 2024లో కేరళలో కొన్ని కేసులు వచ్చి పిల్లలు చనిపోవడంతో మనకూ తెలిసింది.

చేయాల్సింది ఒక్కటే, తల ముంచొద్దు. మూడు మునకలు వేయాల్సిందే అనుకుంటే చెంబుతో నెత్తిన పోసుకోండి, ముక్కు మూసుకుని. దూకడం, అడుగు బురద కెలకడం, ఆ నీళ్లతో ముక్కు శుభ్రం చేసుకోవడం మానాలి. గదిలో కడిగిన తొట్టె, పారే ఊట నీళ్లు అయితే ముప్పు ఇంకా తక్కువ. నీళ్లు నిలవుండి పాకుడు పట్టిన కొలనులో అసలు దిగకండి. స్నానం చేసిన రెండు వారాల లోపు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ పట్టేయడం కలిసి వస్తే ఆసుపత్రిలో ‘ఫలానా రోజు గుండంలో స్నానం చేశాను’ అని మొదటి మాటగా చెప్పండి. చెప్పకపోతే డాక్టరుకు ఆ ఆలోచన రావడానికి ఆలస్యమవుతుంది.

ప్రశ్న: బైకు మీద పోతే? తలకు కొబ్బరినూనె రాసుకుని దిగొచ్చా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: బైకుకు జాతీయ రహదారి టోలు లేదు, అది లాభం. స్నానం తర్వాత ఆ రోజు బండెక్కొద్దనే మాట మీకు ఇంకా గట్టిగా వర్తిస్తుంది. కారులో కునుకు పడితే చుట్టూ రేకైనా ఉంటుంది. చైనుకు 500 కి.మీ.కు ఒకసారి నూనె, తడి బట్టలకు వేరే సంచి, తడి తలమీద హెల్మెటు పెట్టుకోకుండా ఆరనివ్వడం, ఇవి చాలు. కొబ్బరినూనె తలకు రాసుకుని ఉమ్మడి కొలనులో దిగొద్దు, నీళ్లమీద తెట్టు కడుతుంది, వెనక వచ్చేవాళ్లు మిమ్మల్నే తిట్టుకుంటారు. స్నానమయ్యాక ఒంటికి రాసుకోండి, వేడినీళ్లకు పొడిబారిన చర్మానికి అప్పుడే పనిచేస్తుంది.

ప్రశ్న: అంత దూరం పోలేను, ఒక్క రోజే సెలవు. మన దగ్గరే ఊట స్నానం కలిసొచ్చేలా ఒంటరి కారు ప్రయాణం చెప్పండి.
– ఒక పాఠకుడు, గుత్తి

జవాబు: గుత్తి నుంచి 67వ నంబరు రహదారి పట్టుకుని తాడిపత్రి చేరండి. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుణ్ని చూడటానికి ఎండెక్కకముందే సరైన సమయం, గోపురాల చెక్కడాలు ఏటవాలు వెలుతురులో బాగా కనిపిస్తాయి. అక్కడి నుంచి 30 కి.మీ. దూరంలో బెలుం గుహలు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో కొంతదూరమే లోపలికి పోనిస్తారు. లోపల గాలి ఉక్కగా, తేమగా ఉంటుంది, గంటలో చొక్కా తడిసి ముద్దవుతుంది. గుహల్లో అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ, అక్కడి దాకా పోయి వచ్చేసరికి లీటరు నీళ్లు తాగాల్సిన పరిస్థితి. జారని చెప్పులు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు కారులో ఉంచండి.

తర్వాత బనగానపల్లె, అక్కడికి 14 కి.మీ.లో యాగంటి. నంది నోట్లోంచి కోనేట్లోకి పడే నీళ్లు కొండలోంచి వచ్చే ఊటే. గుహల ఉక్క తర్వాత ఆ చల్లటి నీళ్లు హాయి. ఇది చన్నీళ్ల ఊట కాబట్టి స్నానం చేసి బండెక్కినా నిద్ర ముంచుకురాదు. అయితే మధ్యాహ్నం పులిహోర ప్రసాదం కడుపునిండా తిని మూడింటికి స్టీరింగు పట్టుకుంటే ముంచుకొస్తుంది. చెట్టు నీడన సీటు వాల్చి, అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు పడుకోండి. కిటికీ కొంచెం దించి, ఇంజను ఆపేసి.

మహానందిని కూడా ఇదే రోజులో ఇరికించాలని చూడకండి. యాగంటి నుంచి నంద్యాల మీదుగా మహానంది చేరేసరికి సాయంత్రమవుతుంది, మళ్లీ గుత్తికి రాత్రి ప్రయాణం. దానికి వేరే రోజు పెట్టుకోండి. నంద్యాలలో రాత్రి పడుకుని, తెల్లారి ఐదున్నరకల్లా కోనేటి దగ్గరుంటే, కర్నూలు పాఠకుడు చెప్పిన ఆ పొగ మీకూ కనిపిస్తుంది. థర్మామీటరు పట్టుకుపోవడం మరచిపోకండి.